రెండో రుద్రప్ప

తప్పు జరిగిందా అని అడగని ప్రోగ్రాములంత మర్యాదస్తులు ఈ లోకంలో లేరు. వాటిని చూసి మనుషులు నేర్చుకోవలసింది ఎంతో ఉంది!

నవ్వకండి. వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నదాన్ని కదా అని తేలిగ్గా తీసిపారేయకండి. నాకూ కంప్యూటర్ డిప్లొమా ఉంది. ఈ ధార్వాడలోనే, మా వీధి చివరి పాలిటెక్నిక్‌లోనే చదివాను. సి భాష ప్రాక్టికల్‌లో యాభైకి నలభై తొమ్మిది. ఆ ఒక్క మార్కు ఎందుకు పోయిందని మీరు అడుగుతారు. నేను అడగలేదు. నా పెంపకం అలాంటిది.

ఒక ప్రోగ్రాముకు ఫలానా ఫైలు తెరవమని చెప్తాం. ఆ ఫైలు ఉందా? ఉంటే తెరుచుకుందా? సంస్కారం ఉన్న ప్రోగ్రాము ఇవేవీ అడగదు. లేని ఫైలునే తెరిచాననుకుని, లేని పేర్లనే చదివాననుకుని ముందుకు సాగిపోతుంది. ఖాళీ కప్పు చేతికిచ్చినా తాగినట్టు మూతి తుడుచుకుని "టీ బాగుంది వదినా" అనే చుట్టాన్ని మీరెప్పుడైనా చూశారా? అదీ పద్ధతంటే!

రాయమంటే రాస్తుంది. డిస్కులో చోటు లేకపోతే? అయినా రాస్తుంది. ఎక్కడ రాసిందో ఎవరికీ తెలియదు. చివర మాత్రం "విజయవంతంగా భద్రపరచబడింది" అంటుంది. ఎంత ధైర్యం ఇచ్చే మాట!

మొన్న మా సిలిండర్ ఇంటికి చేరిందని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఇంట్లో వెతికాను. మంచాల కింద కూడా చూశాను. లేదు. అయితేనేం? చేరిందన్న తృప్తితో ఆ పూట పెసరపప్పు నానబెట్టి కోసంబరి చేసుకు తిన్నాం. మా ఆయన రక్తపోటు తగ్గింది. ఇంకో రోజు మా చిన్నది జ్వరంతో నా పక్కనే పడుకుని ఉండగా "మీ అమ్మాయి క్షేమంగా బడికి చేరింది" అని బడి యాప్ చెప్పింది. చదివి వినిపిస్తే దానికి సగం జ్వరం అక్కడే దిగిపోయింది.

ఇలాంటి వరాలన్నిటికీ మూలం ఎక్కడుంది? లాబుల్లో ఉంది. మా లాబులో ఇంకాస్త ఎక్కువ ఉంది.

సి భాషలో ఫైలు చదివేటప్పుడు వేసే ప్రశ్న ఒకటుంది. చివరికి వచ్చామా? దాని పేరు ఎఫ్-ఈఓఎఫ్. దానికో చిన్న అలవాటు. చివరి పేరు చదివేశాక అడిగినా సరే, "ఇంకా రాలేదు" అంటుంది. ఇంకో పేరు కోసం చెయ్యి పెట్టి, ఏమీ తగలకపోతే అప్పుడు గానీ "ఆఁ, వచ్చేశాం" అనదు. హాజరు పిలిచే పంతులమ్మను ఊహించుకోండి. చివరి పేరు పిలిచింది. అదే చివరిదని తెలియక పేజీ తిప్పింది. ఖాళీ! కానీ నోట్లో పాత పేరు ఆడుతూనే ఉంది కదా, దాన్నే ఇంకోసారి పిలిచేసింది. ఆఖరివాడికి రెండు హాజర్లు.

మా పాలిటెక్నిక్ లాబు పుస్తకం హిరేగౌడర్ సర్ రాసింది. ఇప్పుడాయన విభాగాధిపతి. ఇరవై రెండేళ్ళ కిందట, మా బ్యాచ్ కోసమే మొదటిసారి అచ్చు వేశారు. అందులో ఏడో ప్రయోగం, ఫైల్లోంచి పేర్లు చదివి తెర మీద చూపించడం. ఫైల్లో ఐదు పేర్లు: ఆనంద, బసవరాజ, గిరిజ, ప్రేమ, రుద్రప్ప. దాని కింద "రావలసిన ఫలితం" అని పెట్టె కట్టి ఆరు పేర్లు అచ్చు వేశారు. ఆఖర్న రుద్రప్ప, మళ్ళీ రుద్రప్ప.

ఇరవై రెండు బ్యాచ్‌లు ఆ ఆరు పేర్లను రికార్డు పుస్తకాల్లో అందంగా రాసి, స్కేలుతో గీత కొట్టి, సంతకాలు పెట్టించుకుని పాసై పోయాయి.

రుద్రప్ప కల్పిత పాత్ర కాదండోయ్. ఆ లాబు అటెండరే. అప్పట్లో హిరేగౌడర్ సర్ అభిమానం కొద్దీ ఆయన పేరు జాబితాలో చేర్చారు. పుస్తకంలో తన పేరు రెండుసార్లు పడిందని రుద్రప్ప ఆనాడు ఊరంతా చెప్పుకున్నాడు. "ప్రిన్సిపాల్ పేరు ఒక్కసారే ఉంది, అదీ అట్ట మీద" అనేవాడు.

మా కాలేజీలో చదివినవాళ్ళ ఇళ్ళల్లో ఆ పేరు మాటల్లో కలిసిపోయింది. ఇప్పటికీ మా ఆయన కంచం ముందు కూర్చుని "ఇంకో రొట్టె రుద్రప్ప వెయ్యి" అంటాడు. అంటే మారు వడ్డించమని. మా ఆయన మల్లికార్జున ఆ లాబులోనే ఇన్‌స్ట్రక్టర్. ఇంత చక్కటి సంప్రదాయం మీకు ఇంకెక్కడైనా దొరుకుతుందా?

ఇంత ప్రశాంతమైన చోటికి శివలీల వచ్చింది.

మా వెనక వీధి కాళప్ప బడిగేర్ కూతురు. కాళప్ప వడ్రంగి. మేకు కొట్టే ముందు చెక్క వెనక ఏముందో వేలితో తట్టి చూసే రకం. మా వంటింటి తలుపు ఆయనే చేశాడు. బిగించాక నలభైసార్లు తీసి వేశాడు. "తెరుచుకుంటోందిగా, ఇంకా ఏంటి కాళప్పా?" అంటే, "తెరుచుకోవడం సరే అక్కగారూ, మూసుకుందో లేదో ఎవరు చూడాలి?" అన్నాడు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల ఎలా ఉంటుంది చెప్పండి?

శివలీల ప్రోగ్రాము రాస్తే ప్రతి అడుగులో ఒక ప్రశ్న. ఫైలు తెరుచుకుందా? చదివింది చేతికి వచ్చిందా? ఆగిపోయామంటే చివరికి వచ్చి ఆగామా, మధ్యలో ఏదైనా చెడిపోయి ఆగామా? ఈ ఆఖరిదానికి ఎఫ్-ఎర్రర్ అని ఇంకో ప్రశ్న ఉందట. మూసేటప్పుడు కూడా వదలదు. సరిగ్గా మూసుకుందా? పోలీసుస్టేషన్లో కూడా ఇన్ని ప్రశ్నలు ఉండవు!

ఏడో ప్రయోగం నాడు దాని తెర మీద ఐదు పేర్లే వచ్చాయి.

"ఒకటి తక్కువొచ్చింది" అన్నారు హిరేగౌడర్ సర్.

"ఫైల్లో ఐదే ఉన్నాయి సర్."

"పుస్తకంలో ఆరున్నాయి."

"రుద్రప్ప ఒక్కడే కదా సర్?"

"పుస్తకంలో ఇద్దరున్నారమ్మా. కూర్చో."

పిల్ల కూర్చోలేదు. నేరుగా స్టూలు మీద కునుకు తీస్తున్న రుద్రప్ప దగ్గరికెళ్ళి, "తాతా, నీకు కవల తమ్ముడున్నాడా?" అని అడిగింది. తన పేరు ఒకటి ఎగిరిపోయిందని తెలిసి ఆ పెద్దాయన వారం రోజులు ఆ పిల్లతో మాట్లాడలేదు. "నేను నీకేం అపకారం చేశానే? ఉన్న రెండిట్లో ఒకటి మింగేశావు" అని వరండాలో ఎదురైనప్పుడల్లా మొహం తిప్పుకునేవాడు.

చూశారా? ఒక ప్రశ్న, ఎన్ని కాపురాల్లో కలత!

ఇక వార్షిక ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. శివలీలకు ఇది మామూలు పరీక్ష కాదు. డిప్లొమా మొత్తం పాసైతే నేరుగా ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. దరఖాస్తుకు గడువు ఆ వచ్చే శనివారం. ఒక్క ప్రాక్టికల్ పోయినా మళ్ళీ రాయడానికి ఆరు నెలలు, సీటుకు ఏడాది. కాళప్ప ఆ పిల్ల హాస్టల్లో పెట్టుకోవడానికని టేకుతో చిన్న పెట్టె చేయడం అప్పటికే మొదలుపెట్టేశాడు.

పరీక్షకు పరాయి ఊరి నుంచి ఎక్స్‌టర్నల్ వస్తారు. వాళ్ళ మధ్యాహ్న భోజనం లాబు వాళ్ళ ఇంటి నుంచి వెళ్ళడం ఆనవాయితీ. వచ్చిన వారి కడుపు చల్లగా ఉంటే పిల్లల మార్కులు వెచ్చగా ఉంటాయని మా ఆయన నమ్మకం. ఆ సోమవారం విజయపుర నుంచి పద్మాక్షి మేడమ్ వచ్చారు. జొన్న రొట్టెలు, నూనె వంకాయ, వేరుశనగ పొడి, గట్టి పెరుగు నాలుగు గిన్నెల క్యారియర్లో సర్దుకుని ఒంటిగంటకు నేనే వెళ్ళాను. కాబట్టి అక్కడ జరిగింది నా కళ్ళతో చూశాను. చూడకుండా ఉంటే ఎంత బాగుండేది!

ఐదు పేర్ల ఫైలు పరీక్షకు చిన్నదైపోతుందని మేడమ్ ముందే అన్నారట. "ఆరువందలు చేయిస్తాను" అన్నారు హిరేగౌడర్ సర్. చేయించారు కూడా. ఆ ఐదు పేర్లనే నూట ఇరవై సార్లు అతికించి, తన గదిలోని పాత కంప్యూటర్లో పెట్టారు. టవలు కప్పి, కుంకుమ బొట్టు పెట్టి ఉండే కంప్యూటరది. దాన్నందరూ సర్వర్ అంటారు. లాబులోని ముప్ఫై కంప్యూటర్లూ అందులోంచే చదవాలి. ఫైలు పెట్టాక అది "అయింది" అంది. సరిగ్గా అయిందా అని ఎవరూ అడగలేదు. అడిగితే బాగుండదు కదా!

దాని డిస్కు మీద ఒక చోట పాడైపోయింది. సగం పేర్ల దాకా చదవనిస్తుంది, ఆపైన చదవనివ్వదు.

ఇప్పుడు మళ్ళీ మన పంతులమ్మ దగ్గరికి రండి. హాజరు పుస్తకం మధ్యలో పేజీలు అంటుకుపోయాయి. పంతులమ్మ అడిగే ప్రశ్న ఒక్కటే, చివరికి వచ్చామా? రాలేదు. నిజంగానే రాలేదు! కొత్త పేరు కనబడదు, పాత పేరు నోట్లో ఉంది. దాన్నే పిలిచింది. చివరికి వచ్చామా? రాలేదు. మళ్ళీ పిలిచింది. ఇక ఆమెను ఆపేదెవరు?

నేను క్యారియర్‌తో గుమ్మంలోకి వెళ్ళేసరికి ఇరవై తొమ్మిది తెరల మీద రుద్రప్ప పారుతున్నాడు. రుద్రప్ప, రుద్రప్ప, రుద్రప్ప. కిందనుంచి పైకి, ఆగకుండా, కృష్ణా కాలువలో నీళ్ళలా. పిల్లలు కీబోర్డుల మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నారు. నా వెనకే టీ పళ్ళెంతో వచ్చిన అసలు రుద్రప్ప ఆ దృశ్యం చూసి పళ్ళెం బల్ల మీద పెట్టేసి, రెండు చేతులూ జోడించాడు.

"నేను ఇంతమందినా?" అన్నాడు నెమ్మదిగా.

ముప్ఫయ్యో తెర ఒక్కటే కదలకుండా ఉంది. అందులో సగం పేర్లు వచ్చి, కింద ఒక్క వాక్యం ఉంది: "చదవడంలో తప్పు జరిగింది, ఫైలు ఇంకా అయిపోలేదు." ఆ తెర ముందు శివలీల చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

హిరేగౌడర్ సర్ లాబంతా ఒకసారి కలియజూశారు. "ఇరవై తొమ్మిది మందివీ నడుస్తున్నాయి మేడమ్" అన్నారు. "ఈ ఒక్క అమ్మాయిదే ఆగిపోయింది."

"వాళ్ళవి ఆగడం లేదు సర్" అంది శివలీల.

"ఆగకపోవడం తప్పెలా అవుతుందమ్మా? పనిచేసేదే కదా ఆగకుండా ఉండేది!"

పద్మాక్షి మేడమ్ లాబు పుస్తకంలో "రావలసిన ఫలితం" పెట్టె చూశారు. తెరలు చూశారు. మళ్ళీ పుస్తకం చూశారు. "దీంట్లో చివరి పేరు రెండుసార్లుంది" అన్నారు.

"అవును మేడమ్. ఇక్కడ కాస్త ఎక్కువసార్లు వచ్చింది. ఫైలు పెద్దది కదా!"

మేడమ్ ఇంకేదో అనబోయి, నా చేతిలోని క్యారియర్ వైపు చూసి, చేతులు కడుక్కోవడానికి లేచారు. మా ఆయన సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నాడు. నేను మూతలు తీసి రొట్టెలు వడ్డించాను. మేడమ్ రెండో రొట్టె కావాలన్నారు. "రుద్రప్ప" అనబోయి నాలుక కరుచుకున్నాను.

బుధవారం ఫలితాల జాబితా వచ్చింది. "ప్రాక్టికల్ పాసైనవారు" అని పైన, కింద వరసగా పేర్లు. ముప్ఫై వరసలు. ముప్ఫై మంది విద్యార్థులు, ముప్ఫై వరసలు, నూటికి నూరు శాతం! హిరేగౌడర్ సర్ గేటుకు బ్యానర్ కట్టించారు. కాలేజీ అంతా కోవా పేడాలు పంచారు. శివలీలకూ ఒక పేడా ఇచ్చారు. ఆ పిల్ల దాన్ని చేతిలో పట్టుకునే జాబితాలో తన పేరు వెతుక్కుంది.

పేరు లేదు.

మార్కుల పుస్తకంలో ఉంది. యాభైకి పదహారు. పక్కన "ప్రోగ్రాము మధ్యలో ఆగిపోయినది" అని ఎర్ర ఇంకుతో రాసి ఉంది. పాసు కావడానికి ఇరవై కావాలి.

ఆ పిల్ల తిన్నగా హిరేగౌడర్ సర్ గదికి వెళ్ళింది. ఆ మాటలు వరండాలో నిలబడ్డ మా ఆయన విని, ఇంటికొచ్చి నాకు చెప్పాడు.

"సర్, నేను ఫెయిలయ్యాను."

"ఎవరూ ఫెయిలవలేదు. నూరు శాతం."

"మరి నా పేరు లేదు సర్."

"లేదంటే పాసవలేదన్నమాట."

"అంటే ఫెయిలేగా సర్?"

"ఫెయిలైనవాళ్ళు లేరని చెప్తున్నానుగా! పేడా తిన్నావా?"

మళ్ళీ దిద్దించుకోవడానికి దరఖాస్తు పెట్టాలంటే ఫెయిలైనట్టు ఉండాలి. ఆఫీసు కిటికీలో గుమాస్తా రిజిస్టరు తిరగేసి, "ఈ బ్యాచ్‌లో ఫెయిలైనవాళ్ళు సున్నా. సున్నా మంది ఎలా దరఖాస్తు పెడతారు?" అన్నాడు. ఎంత పకడ్బందీ ఏర్పాటు! నూరు శాతం ఉన్న చోట మనిషి ఫెయిలవడానికి కూడా ఖాళీ ఉండదు.

గురువారం పొద్దున నేను పెరుగు కోసం వెళ్తుంటే కాలేజీ గేటు పక్క నోటీసు బోర్డు దగ్గర రుద్రప్ప కనిపించాడు. జాబితాకు నాలుగు మూలలా జిగురు రాసి అంటించింది ఆయనే. ఇప్పుడు దాని ముందు నిలబడి కదలడం లేదు.

"తల్లీ, ఇలా రా" అని పిలిచాడు. "ఆఖరి రెండు వరసలు చదువు."

చదివాను. వీరేశ తళవార్. వీరేశ తళవార్. నంబరు కూడా ఒకటే.

"ఈ జాబితా అచ్చు వేసింది కూడా సర్ రాసిన ప్రోగ్రామేనా?"

"అంతే అయ్యుంటుంది" అన్నాను.

రుద్రప్ప గడ్డం గోక్కున్నాడు. "ఇరవై రెండేళ్ళు నన్ను ఇద్దర్ని చేశారు. నాకు సంతోషమే అయింది. ఎవరికేం నష్టం? ఐదుగురికి ఆరుగురం ఉన్నాం, అంతే. కానీ ఈ వీరేశ సంగతి వేరు తల్లీ. వీడు ఒక్కడే. ఈ రెండో వీరేశ నిలబడ్డ చోట ఒక పిల్ల ఉండాలి. వీడు నిలబడ్డాడు గనక ఆ పిల్ల లేదని ఎవరికీ కనబడటం లేదు."

అయితేనేం? లెక్క సరిపోయిందిగా, ముప్ఫైకి ముప్ఫై!

"ఆ రోజు లాబులో నువ్వూ ఉన్నావు" అన్నాడు. "నేను ప్రిన్సిపాల్ అమ్మగారికి రాసిస్తున్నాను. నువ్వు కూడా సంతకం పెట్టు."

"మా ఆయన ఉద్యోగం ఇక్కడే రుద్రప్పా."

"నాదెక్కడుంది మరి?"

అదండీ, ప్రశ్నలు అంటువ్యాధి అనడానికి ఇంతకంటే రుజువు కావాలా? నిన్నటిదాకా తన పేరు లెక్కపెట్టుకుని మురిసిపోయిన మనిషి!

శుక్రవారం పదకొండింటికి ప్రిన్సిపాల్ గదిలో శివలీల, కాళప్ప, రుద్రప్ప, నేను, ఎదురు కుర్చీలో హిరేగౌడర్ సర్. రుద్రప్ప కాగితం కింద నా సంతకం ఎలా పడిందో మాత్రం అడక్కండి. కాళప్ప చెవి మీద పెన్సిలు, చొక్కా మీద రంపంపొట్టు. మా ఆయన రానన్నాడు. తర్వాత వచ్చి తలుపు పక్కన నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ అమ్మగారు జాబితా తీసుకుని వేలితో ఒక్కొక్క వరసా తాకుతూ లెక్కపెట్టారు. ఆఖరి రెండిటి దగ్గర వేలు ఆగింది. ఫోను తీసి పద్మాక్షి మేడమ్‌కు చేసి, అందరికీ వినబడేలా పెట్టారు.

"ఆ అమ్మాయిదే సరైనదని నాకు అప్పుడే అనిపించింది మేడమ్" అంది ఫోనులో గొంతు. "కానీ వాళ్ళ పుస్తకంలో అలా లేదు. బయటనుంచి వచ్చినదాన్ని, ఎందుకులే అనుకున్నాను."

ప్రిన్సిపాల్ మా ఆయన వైపు చూశారు. "నాకూ తెలుసు మేడమ్" అన్నాడు చెప్పుల వంక చూస్తూ.

అప్పుడు హిరేగౌడర్ సర్ కుర్చీలో వెనక్కి వాలారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు.

"పుస్తకం అచ్చయి వచ్చిన రోజే చూశాను" అన్నారు. "వెయ్యి కాపీలు. ఎవరైనా అడిగితే దిద్దుదామనుకున్నాను. మొదటి బ్యాచ్‌లో ఎవరూ అడగలేదు. రెండో బ్యాచ్ అడగలేదు. ఆ తర్వాత... అదే సరైనదేమో అనిపించడం మొదలైంది."

మొదటి బ్యాచ్ అంటే మేం. నేను కిటికీలోంచి బయటికి చూశాను. నా రికార్డులో రెండో రుద్రప్ప పక్కన ఆనాడు పెన్సిలుతో ఒక ప్రశ్నార్థకం పెట్టాను. ఇచ్చే ముందు రబ్బరుతో చెరిపేశాను. ఆ పేజీ మీద సర్ "వెరీ గుడ్" అని రాశారు. ఇంతకాలం ఆ "వెరీ గుడ్" నా అక్షరాలకే అనుకున్నాను.

శివలీల ఒక్కటే అడిగింది. "అయితే మేడమ్, ఇది అందరికీ తెలుసా?"

ఆ గదిలో ఎవరూ జవాబివ్వలేదు. చక్కటి పెంపకం గలవాళ్ళం అందరం.

మార్కులు దిద్దారు. యాభైకి నలభై ఎనిమిది. రెండు మార్కులు ఎందుకు తగ్గాయో ఆ పిల్ల అడిగేలోపే ప్రిన్సిపాల్ సంతకం పెట్టేశారు. కాళప్ప ఆ కాగితం తీసుకుని వెళ్ళిపోలేదు. "ముద్ర వెయ్యండి" అన్నాడు గుమాస్తాతో.

"సంతకం ఉందిగా!"

"సంతకం అమ్మగారిది. మీరు తీసుకున్నట్టు మీ ముద్ర."

ముద్ర పడేదాకా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు. మూసుకుందో లేదో చూసే మనిషి కదా!

శనివారం ఉదయం సవరించిన జాబితా వచ్చింది. కొత్తగా చేరిన పేరు కాబట్టి శివలీలది ఆఖర్న పెట్టారు. అచ్చు వేసింది మాత్రం పాత ప్రోగ్రామే. రుద్రప్ప జిగురు రాసి అంటించి, వెనక్కి జరిగి చూసి, పగలబడి నవ్వాడు.

శివలీల బడిగేర్. దాని కింద, శివలీల బడిగేర్. ముప్ఫై మందికి ముప్ఫై ఒక్క వరసలు. నూటికి నూట మూడు శాతం ఫలితం! బ్యానర్ మార్చడానికి అప్పటికే ఎవరో నిచ్చెన తెస్తున్నారు.

"ఉండనివ్వు పిల్లా" అన్నాడు రుద్రప్ప. "ఇప్పటికి తెలిసిందా నా సంతోషం? ఇంటికి తీసుకెళ్ళి మీ అమ్మకు చూపించు. పేరు రెండుసార్లు పడటం అందరికీ దక్కదు."

శివలీల పైనుంచి కింది దాకా వరసలన్నీ లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి, తండ్రి చెవి మీది పెన్సిలు తీసుకుని, రెండో శివలీల మీద అడ్డదిడ్డంగా కాకుండా, స్కేలు పెట్టినట్టు సన్నటి గీత ఒకటి కొట్టింది.

చూశారుగా! తన పేరు రెండుసార్లు వచ్చినా ఓర్చుకోని పిల్ల. ఇలాంటివాళ్ళతో రేపు ఏ ఆఫీసు వేగుతుంది? ఏ సిలిండర్ కంపెనీ బతికి బట్ట కడుతుంది? తల్లిదండ్రులారా, మీ పిల్లలను ఇప్పుడే అదుపులో పెట్టుకోండి!

పెన్సిలు తిరిగి ఇచ్చేయబోతుంటే రుద్రప్ప మధ్యలో అందుకుని నా వైపు చాచాడు.

"తల్లీ, నీ రికార్డు పుస్తకం దాచుకున్నావా?"

"అటక మీద ఎక్కడో ఉంది" అన్నాను. "మా అటక చాలా ఎత్తు. ఎక్కడం కుదరదు."

నిజమే, చాలా ఎత్తు. అందుకే ఆ మధ్యాహ్నం ఒక నిచ్చెన కావాలని కాళప్పకు కబురు పెట్టాను. అందిందో లేదో కనుక్కోవడానికి ఇంకోసారి ఫోన్ కూడా చేశాను.